తోట అందరిదీ... ఓటు కొందరిదీ!

ఆ కాలనీలో ప్రతి ఇంటికీ రెండు ముఖాలు. ఒకటి కారు కోసం, రెండోది మనిషి కోసం. కారు వచ్చే వైపు వంటిల్లు, గ్యారేజీ, చెత్తడబ్బా. మనిషి నడిచే వైపు హాలు, పడగ్గదులు, వాటి ముందు పూలమొక్కలు. అవి దాటితే ఎకరాలకొద్దీ పచ్చిక. పుస్తకాల సంచీ భుజాన వేసుకున్న పిల్లలు ఆ పచ్చిక పక్కనున్న కాలిబాట పట్టుకుని నేరుగా బడికి వెళ్లిపోవచ్చు. మధ్యలో రోడ్డు అడ్డమొస్తే దాని కింద నుంచి దారి ఉంటుంది. కారుకీ పిల్లాడికీ ఎదురుపడే పనే లేదు!

ఇదేదో హైదరాబాద్ శివార్లలో నిన్నగాక మొన్న లేచిన గేటెడ్ కమ్యూనిటీ బ్రోచరు అనుకుంటే పొరపాటే. ఆ కాలనీకి తొంభై అయిదేళ్లు దాటాయి. పేరు రాడ్‌బర్న్. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, ఫెయిర్ లాన్ అనే చిన్న పట్టణంలో ఉంది. న్యూయార్క్‌లో ఉద్యోగం చేసుకుని సాయంత్రానికి రైల్లో ఇంటికి చేరుకునేంత దూరం. ప్రహరీగోడ లేదు, గేటు లేదు, గూర్ఖా లేడు. అయినా అమెరికాలోని ఇళ్ల యజమానుల సంఘాల చరిత్ర ఎవరు రాసినా రాడ్‌బర్న్‌ను తలచుకోకుండా ముందుకు పోలేరు. పట్టణ ప్రణాళిక చదివే విద్యార్థులకు అదో పాఠం. న్యూజెర్సీ వాసులకైతే అదో చట్టం పేరు కూడా. పాఠం కాస్తా చట్టం ఎందుకయిందన్నదే అసలు కథ.

మోటారు యుగానికో ఊరు

1920ల అమెరికా. కార్ల కంపెనీలకు పండగ, పాదచారులకు గండం. ఆ దశాబ్దం ముగిసేసరికి దేశంలో రెండు కోట్లకు పైగా కార్లు తిరుగుతున్నాయి. గుర్రబ్బండ్ల కాలంలో గళ్లనుడికట్టులా గీసిన వీధులవి. అడుగడుక్కీ కూడలే. ఆ వీధుల్లోనే పిల్లలు ఆడుకోవాలి, ఆ వీధుల్లోనే కార్లు పరుగెత్తాలి. ఫలితం ఏటా వేల చావులు.

న్యూయార్క్‌లో అలెగ్జాండర్ బింగ్ అనే స్థిరాస్తి వ్యాపారి ఉండేవారు. సొంత వ్యాపారంలో గడించింది చాలనుకున్నారో ఏమో, లాభానికి పరిమితి పెట్టుకుని మంచి ఇళ్లు కట్టాలంటూ సిటీ హౌసింగ్ కార్పొరేషన్ అనే సంస్థను ప్రారంభించారు. ఆ సంస్థ ముందుగా న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో సన్నీసైడ్ గార్డెన్స్‌ను కట్టింది. అది కుదిరింది. దాంతో ఏకంగా ఒక ఊరే కట్టేద్దామని ఫెయిర్ లాన్ పొలాల మీద చూపు పడింది. లక్ష్యం 25 వేల జనాభా. గీత గీసింది క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు. తోటల పని మార్జొరీ సీవెల్ కాట్లీ అనే మహిళది. ఆడవాళ్లు ఆ రంగంలోకి రావడమే అరుదైన రోజుల్లో ఆమె ఊరి పచ్చదనమంతా తన చేతుల్లోకి తీసుకున్నారు. విదేశీ షోకు మొక్కల జోలికి ఎక్కువగా పోకుండా ఆ నేలలో సహజంగా పెరిగేవాటికి పెద్దపీట వేశారు.

వాళ్ల ఆలోచన వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పెద్ద రోడ్లు ఊరి అంచుల్లోంచే పోతాయి. వాటి నుంచి లోపలికి చిన్న చిన్న సందులు. ఒక్కో సందులో పదిహేనో ఇరవయ్యో ఇళ్లు. సందు చివర మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఇల్లున్నవాడు తప్ప ఇంకొకడు కారేసుకుని రాడు. సందుల వెనకవైపులన్నీ కలిసేచోట తోట. ఎవరి పెరట్లో వాళ్లు గజం గజం గోడ కట్టుకునే బదులు, ఆ స్థలాలన్నీ కలిపేస్తే అందరికీ ఓ పార్కు వస్తుంది కదా... అదీ లెక్క.

లెక్క అంటే నిజంగా లెక్కే. ఇలా వేస్తే మామూలు లేఅవుట్‌తో పోలిస్తే రోడ్ల విస్తీర్ణం, పైపులైన్ల పొడవు పాతిక శాతం తగ్గుతాయని స్టైన్ చూపించారు. ఆ మిగులుతోనే మొత్తం స్థలంలో 12 నుంచి 15 శాతాన్ని పార్కులకు వదిలేయొచ్చట. పార్కు కోసం కొనుగోలుదారు నుంచి ప్రత్యేకంగా పిండాల్సిన పని లేదన్నమాట. ‘ఓపెన్ స్పేస్’ పేరు చెప్పి గజానికి ఇంతని పెంచేవాళ్లు ఈ లెక్క ఓసారి చదివితే బాగుండు!

మధ్యలో ఆగిన అక్షరమాల

రాడ్‌బర్న్‌లో మొదటి కుటుంబాలు గృహప్రవేశం చేసింది 1929లో. అదే ఏడాది అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఇల్లు కొన్నవాళ్లకు ఉద్యోగాలు పోయాయి, కొనాలనుకున్నవాళ్లు వెనక్కి తగ్గారు. మంచి ఇళ్లు కట్టాలని బయల్దేరిన సంస్థ 1934లో దివాలా తీసింది.

ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో వీధుల పేర్లు చూస్తే ఇప్పటికీ తెలిసిపోతుంది. ఒక పార్కు చుట్టూ ఉన్న సందులన్నీ ఇంగ్లిషు ‘ఏ’ అక్షరంతో మొదలవుతాయి... అలెన్, ఆష్‌బర్న్, ఆడుబాన్, ఆండోవర్. అందుకే అది ‘ఏ’ పార్కు. రెండోదాని చుట్టూ ఉన్నవి ‘బి’తో... బాన్‌క్రాఫ్ట్, బ్రిస్టల్, బర్న్‌హామ్. అది ‘బి’ పార్కు. 25 వేల మందికని మొదలుపెట్టిన ఊరు ఇంచుమించు అక్కడితో సరి. మిగతా భూములు చేతులు మారి అందరు కట్టుకునే పద్ధతిలోనే ఇళ్లొచ్చాయి. చివరికి రాడ్‌బర్న్‌గా మిగిలింది 149 ఎకరాలు. అందులో 430 విడి ఇళ్లు, 90 వరస ఇళ్లు, 54 జంట ఇళ్లు, 93 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్. జనాభా మూడు వేల పైచిలుకు. మన దగ్గర రెండు పెద్ద టవర్లలో సర్దుకుపోయే మంది.

ఊరు సగంలో ఆగిపోయినా, కట్టినంతమేర చెక్కుచెదరలేదు. 2005లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. సొమ్ము పెట్టిన కంపెనీ దివాలా తీశాక కూడా ఆ తోటలు ఎలా నిలిచాయి?

గడ్డి ఎవరు కోస్తారు?

ఆ ప్రశ్నను మొదటి ఇటుక పడకముందే వేసుకున్న మనిషి చార్లెస్ ఆషర్. కంపెనీ న్యాయవాది. తోట గీయడం ఆర్కిటెక్టు పని. వేయడం తోటమాలి పని. మరి ఇరవై ఏళ్ల తర్వాత దాని గడ్డి ఎవరు కోస్తారు? ఫెయిర్ లాన్ అప్పటికి అయిదేళ్ల క్రితమే పుట్టిన పసి మున్సిపాలిటీ. పార్కులూ ఈతకొలనులూ తన వల్ల కాదు. అందుకని ఆషర్ ఒక సంఘాన్ని సృష్టించారు. అదే రాడ్‌బర్న్ అసోసియేషన్. ఇల్లు కొనే ప్రతివారి దస్తావేజులోనూ షరతులు రాయించారు. ఏటా సంఘానికి ఇంతని చెల్లించాలి. ఇంటి బయటి రూపం మార్చాలంటే సంఘం ఒప్పుకోవాలి. ఇల్లు ఎవరికి అమ్మినా ఆ షరతులు ఇంటితోపాటే పోతాయి తప్ప మనిషితో పోవు. ‘నేను సంతకం పెట్టలేదు, మా మామగారు పెట్టారు’ అంటే కుదరదన్నమాట.

అందుకే రాడ్‌బర్న్ వాసి రెండు చోట్ల కప్పం కట్టాలి. పోలీసులూ బడీ నడిపే ఫెయిర్ లాన్‌కు పన్ను. పార్కులు చూసే అసోసియేషన్‌కు రుసుము. దానికి బదులు దక్కేది తక్కువేం కాదు. ఇళ్ల నడుమ 23 ఎకరాల పార్కులు, రెండు ఈతకొలనులు, నాలుగు టెన్నిస్ కోర్టులు, బేస్‌బాల్ మైదానాలు, విలువిద్య సాధనకో స్థలం, బుడతలు నీళ్లలో ఆడుకునేందుకు లోతులేని చిన్న కొలను. గ్రేంజ్ అని పిలుచుకునే పాతభవనంలో లైబ్రరీ, వ్యాయామశాల, పిల్లల బడి, సంఘం కార్యాలయం. 1930లలో జనం దగ్గర డబ్బుల్లేవు, పనుల్లేవు. ఖాళీ మాత్రం కావలసినంత. దాంతో క్లబ్బులూ తరగతులూ నాటకాలతో సాయంత్రాలు నిండిపోయేవి. ఆ కాలంలో పుట్టిన రాడ్‌బర్న్ ప్లేయర్స్ నాటక బృందం దశాబ్దాల తరబడి తెర ఎత్తుతూనే ఉంది.

పక్కింటివాళ్లతో పరిచయం పెరగడానికి ఆ గీత కూడా కారణమే. సందులో పదిహేను ఇళ్లే కాబట్టి ఎవరింటికి చుట్టాలొచ్చిందీ అందరికీ తెలుస్తుంది. తోటవైపు ఎత్తయిన గోడలు కట్టుకోనివ్వరు, అడ్డుగా మొక్కల కంచెలే. వాటి మీదుగా పలకరింపులూ నడుస్తాయి, తగువులూ నడుస్తాయి. కొత్తగా వచ్చినవారికైతే ముందు గుమ్మం ఏదో అర్థం కావడానికే కొంతకాలం పడుతుంది. గీత ప్రకారం ముందు గుమ్మం తోటవైపుది. కానీ వస్తువులు తెచ్చేవాళ్లూ చుట్టాలూ కారు దిగి కొట్టేది వంటింటి తలుపు. తొంభై ఏళ్లుగా అక్కడ పెరటి గుమ్మమే వీధి గుమ్మం!

గీసినవాళ్లు ఊహించనిది ఇంకొకటుంది. 1929లో ఇంటికో కారు ఉంటే గొప్ప. అందుకే ఇంటికో ఇరుకు గ్యారేజీ చాలనుకున్నారు. ఇప్పుడు అమ్మకొకటి, నాన్నకొకటి, పదిహేడేళ్లు నిండిన పిల్లకొకటి. సన్నటి సందులు బారులుతీరిన కార్లతో కిక్కిరిసి ఉంటాయి. కార్ల నుంచి మనిషిని కాపాడటానికి పుట్టిన కాలనీలో కారు పెట్టుకునే చోటే పెద్ద సమస్య.

అందచందాల వెనక చెప్పుకోవలసిన చేదు కూడా ఉంది. తొలినాళ్లలో నల్లజాతివారికీ యూదులకూ అక్కడ ఇళ్లు దక్కకుండా అమ్మకందార్లు జాగ్రత్తపడేవారని చరిత్రకారులు రాశారు. ఒక్క రాడ్‌బర్న్ మాటే కాదది. అప్పటి అమెరికాలో చాలాచోట్ల ఇళ్ల దస్తావేజుల్లోనే జాతి నిషేధాలుండేవి. వాటిని కోర్టుల ద్వారా అమలు చేయించడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1948 వచ్చింది. ఇవాళ ఫెయిర్ లాన్‌లో యూదు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. కాలనీ బాగోగులు చూసే కాగితమే గడపలో ఎవరు కాలుపెట్టాలో కూడా చెప్పగలదన్న సంగతి మాత్రం మరచిపోయేది కాదు.

గీత కాపీ... రాత మర్చిపోయారు

రాడ్‌బర్న్ పేరు ప్రపంచమంతా పాకింది. మన దేశానికీ వచ్చింది. చండీగఢ్‌కు మొట్టమొదటి ప్రణాళిక గీసింది కార్బూజియే కాదు, ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్. ఆయన స్టైన్‌కు సన్నిహితుడు. స్టైన్ సలహాలు కూడా తీసుకున్నారు. చుట్టూ రోడ్డు, లోపల ఇళ్లు, మధ్యలో పచ్చిక ఉండే సూపర్ బ్లాకులను మేయర్ తన పటంలో గీశారు. 1951లో పగ్గాలు కార్బూజియే చేతికి వచ్చాక పటం మారింది. చుట్టూ రోడ్డు, లోపల పచ్చటి పట్టీ అన్న ఊహ మాత్రం సెక్టార్ల రూపంలో మిగిలింది.

బ్రిటన్‌లో 1960, 70ల్లో ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లకు ‘రాడ్‌బర్న్ లేఅవుట్’ ఫ్యాషనైపోయింది. నాటింగ్‌హామ్‌లోని మెడోస్ ప్రాంతం అలా వచ్చిందే. గుమ్మాలు కాలిబాట వైపు, గ్యారేజీలు వెనకవైపు... అచ్చు అదే గీత. కానీ అనేకచోట్ల ఆ కాలిబాటలు కొన్నాళ్లకే చీకటి సందులయ్యాయి. గ్యారేజీల వరసలు దొంగలకు అనువయ్యాయి. చాలా కాలనీల్లో దారులు మూసేసి, ఇళ్ల ముఖాలు తిప్పి, మళ్లీ మామూలు వీధులుగా మార్చాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోనూ ఇదే తంతు. కారణాలు అనేకం... పేదరికం, నాసిరకం కట్టడాలు, గీతలోనే ఉన్న లోపాలు. అయితే ఒకటి మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. స్టైన్ గీతను అందరూ కాపీ కొట్టారు, ఆషర్ రాతను ఎవరూ పట్టించుకోలేదు. అందరిదీ అయిన చోటుకి కాపలా, చీపురు, ఖర్చు ఎవరివో తేల్చకుండానే ఇళ్ల తాళాలు చేతికిచ్చేశారు.

అమెరికాలో మాత్రం సరిగ్గా అదే రాత లక్షల కాపీలయింది. 1970లో ఆ దేశంలో ఇలాంటి సంఘాలు పది వేలు. ఇప్పుడు మూడున్నర లక్షలకు పైనే. ఏడున్నర కోట్ల మంది వాటి నీడలో బతుకుతున్నారని వాటి జాతీయ సంస్థ అంచనా.

రుసుము కట్టేవాడు సభ్యుడు కాడా?

ఇంత గొప్ప రాతలో ఆషర్ పెట్టిన మెలిక ఒకటుంది. రాడ్‌బర్న్‌లో ఇల్లు కొన్నంత మాత్రాన రాడ్‌బర్న్ అసోసియేషన్‌లో సభ్యత్వం రాదు! సంఘం నిబంధనల ప్రకారం సభ్యులంటే... ప్రస్తుత ట్రస్టీలు, మాజీ ట్రస్టీలు. అంతే. ఎన్నికల్లో ఎవరిని నిలబెట్టాలన్నది ఆ కొద్దిమంది ఇష్టం. వాళ్లు ఎంపిక చేసినవాళ్లలో ఒకరికి ఓటేయడమే మిగతా యజమానుల వంతు. అభిప్రాయాలు చెప్పుకోవడానికి విడిగా పౌరుల సంఘం ఒకటుంది. చెప్పుకోవచ్చు... వినాలని లేదు.

మొదట్లో దీనికో కారణం ఉంది. ఊరు ఇంకా కడుతూనే ఉన్నారు. ముందొచ్చిన పాతికమంది కలిసి ‘మాకు రుసుము వద్దు, పార్కు ప్లాట్లు చేసి అమ్మేద్దాం’ అని తీర్మానిస్తే? అందుకే నిలకడ కోసం పెద్దల చేతిలో పెట్టారు. పెద్దలు నిజంగానే తోటను కాపాడారు కూడా. తర్వాత ఊరి నిర్మాణం ఆగిపోయింది, కంపెనీ మూతపడింది, ఆ కారణం కాలం చేసింది. నిబంధన మాత్రం డెబ్భై ఏళ్లు దాటినా అలాగే ఉండిపోయింది.

2006లో కొందరు యజమానులు కోర్టుకెక్కారు. ఏటా రుసుము కట్టేది మేము, కట్టకపోతే ఇంటి మీదికొచ్చేది మీరు, సభ్యులం మాత్రం కామా అన్నది వాళ్ల ప్రశ్న. పద్ధతి పాతదే అయినా పనిచేస్తోందిగా, చుట్టూ చూడండి అన్నది సంఘం సమాధానం. రెండు వైపులా నిలబడింది ఒకే తోటలో నడిచేవాళ్లే. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఎన్నికల పద్ధతిని తిరగరాయడానికి న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. 2010లో అప్పీలు కోర్టులోనూ యజమానులకు నిరాశే ఎదురైంది.

కోర్టులో కానిది శాసనసభలో అయింది. 2017 జులైలో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. ఇల్లున్న ప్రతివారూ తమ సంఘంలో సభ్యులే. బకాయిలు లేకపోతే చాలు, ఎవరైనా తమ పేరు తామే ప్రతిపాదించుకుని పోటీ చేయొచ్చు, ఓటేయొచ్చు. ఒక్క రాడ్‌బర్న్‌కే కాదు, న్యూజెర్సీలోని ఇలాంటి కాలనీలన్నిటికీ వర్తించే నియమాలవి. అయినా పేరు దానిదే పడింది. అందరూ దాన్ని రాడ్‌బర్న్ చట్టమనే అంటారు. 2020లో వచ్చిన నిబంధనలకూ అదే పేరు. ఆదర్శ కాలనీగా పుస్తకాలకెక్కిన ఊరు, ‘ఇలా ఉండకూడదు’ అనే చట్టానికీ పేరిచ్చిందన్నమాట!

మనవాళ్ల గుమ్మం దాకా

న్యూజెర్సీ అంటే తెలుగువాళ్లకు పరాయిచోటేం కాదు. ఎడిసన్, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడ టౌన్‌హౌసో కాండోనో కొన్నవారికి మొదట అందేది తాళం, తర్వాత అందేది సంఘం నిబంధనల కట్ట. తలుపు రంగు, బాల్కనీలో బట్టలు, దీపావళి దీపాలు ఎన్నాళ్లుంచాలి... అన్నిటికీ అందులో ఓ పేరా ఉండొచ్చు. ‘మన ఇల్లు మనిష్టం’ అనుకుని వెళ్లినవారికి మొదట్లో చిరాకే. ఆ సంఘాలు ఎన్నికల నోటీసు పంపాల్సింది ఇప్పుడు రాడ్‌బర్న్ నియమాల ప్రకారమే. ఆ పేరు ఓ కాలనీదని, అది గంట ప్రయాణం దూరంలోనే ఉందని తెలిసినవాళ్లు ఎందరో!

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఫ్లాట్ కొన్నవారికి ఈ గొడవ వేరే రూపంలో తెలిసిందే. చదరపు అడుగుకి ఇంతని మెయింటెనెన్స్, కొన్నప్పుడే వసూలు చేసే కార్పస్ ఫండ్, ‘అప్పగించేశాం’ అని బిల్డరు, ‘ఇంకా అప్పగించలేదు’ అని నివాసులు. 2016 నాటి రెరా చట్టం ఇక్కడ ఓ గడువు పెట్టింది. సగానికి మించి ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా బిల్డరే చూడాలి. సంఘం చేతుల్లోకి తీసుకునేదాకా సేవలూ అతనే అందించాలి. చట్టం అంతవరకే తీసుకురాగలదు. సంఘం ఏర్పడ్డాక జనరల్ బాడీ సమావేశానికి నాలుగొందల ఫ్లాట్ల నుంచి నలభై మంది వస్తే గొప్ప. వచ్చినవాళ్లే కమిటీ, మళ్లీ మళ్లీ వాళ్లే. అక్కడ కాగితం మీద రాసి మరీ ఓటు ఇవ్వలేదు. ఇక్కడ ఇచ్చినా లిఫ్టు దిగి రారు.

రాడ్‌బర్న్‌లో ఇప్పుడు యజమానులందరూ సభ్యులే. సభ్యులయ్యాక చర్చించాల్సిన పద్దులు మాత్రం మారలేదు. పాత చెట్లు ఎన్ని కొట్టాలి, ఎన్ని నాటాలి. ఈతకొలను మరమ్మతుకు ఎంతవుతుంది. రుసుము పెంచాలా వద్దా. సందులో మూడో కారు ఎక్కడ పెట్టాలి.